ఎరుపు వేరు, కారం వేరు: మన పెరటి మిరప చరిత్ర

ఈ సంవత్సరం మా మండల సమాఖ్య పెట్టుకున్న పనుల్లో పోషక తోటలు ఒకటి. ఇంటి వెనక ఉన్న కొద్ది జాగలో ఆకుకూరలు, టమాట, వంకాయ, బీర, సొర, మునగతో పాటు నాలుగు మిరప మొక్కలు కూడా పెట్టుకోవాలని గ్రామ సంఘాల సమావేశాల్లో అనుకున్నాం. మిగతా కూరగాయల దగ్గర పెద్దగా చర్చ రాలేదు. మిరప దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి ఊర్లో ఒకటే మాట. ఏ రకం పెట్టాలె? చేనులో వేసే రకమే పెరట్ల పెడితే పిల్లలు ముట్టరు, ముసలోళ్ళకు కడుపుల మంట. కారం తక్కువ రకం పెడితే, అదేం మిరపకాయ అని నవ్వేటోళ్ళు కొందరు.

ఈ ప్రశ్నకు జవాబు కోసం పెద్దమనుషులను అడిగాం, శిక్షణల్లో చెప్పింది రాసుకున్నాం, పుస్తకాలు చూసినం. చూస్తూ పోతే ఒక సంగతి తెలిసింది. మన ఇంట్లో ఎంత కారం తినాలో చాలా కాలంగా మనం కాక మార్కెట్ నిర్ణయిస్తున్నది. కారం తక్కువ మిరప కొత్త ఫ్యాషన్ కాదు, దానికీ మన నేలలో పాత చరిత్ర ఉంది. ఆ చరిత్రను మన సభ్యులందరి కోసం ఇక్కడ రాస్తున్నాం.

మిరప రాకముందు

ఓరుగల్లును కాకతీయులు ఏలిన కాలంలో మన వంటల్లో మిరపకాయ లేదు. ఈ మాట మొదట వింటే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు. మిరపకాయ లేకుండా తొక్కు ఎట్లా, పప్పుచారు ఎట్లా అనిపిస్తది. కానీ ఇది నిజం. గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. సముద్రం మీద వచ్చే వ్యాపారులు ఏ సరుకుకు ఎంత సుంకం కట్టాలో అందులో ఉంది. గంధం, కర్పూరం, దంతం, పగడాలు, రాగి, పట్టు, పోకచెక్కలతో పాటు మిరియాల పేరు అందులో ఉంది. మిరప పేరు లేదు. ఉండటానికి వీలే లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆ మొక్క అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

అప్పుడు నోటికి ఘాటు ఇచ్చినవి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. ఆ పాత వంట ఆనవాళ్ళు ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఉన్నాయి. జలుబు చేస్తే మిరియాల చారు కాస్తాం. బాలింతకు పథ్యంలో మిరపకారం పెట్టం, మిరియాల పొడి వేస్తాం. తద్దినం వంటలో మిరపకాయ వాడకుండా మిరియాలతోనే చేసే ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. పథ్యం, పెద్దల పూజ అంటే మన వాళ్ళు పాత పద్ధతి వదలరు. అందుకే మిరప కన్నా ముందటి వంట అక్కడ మిగిలింది.

పేరు కూడా సాక్ష్యమే. మిరప అనే మాట మిరియం నుంచే వచ్చింది. పక్క భాషల్లోనూ అంతే. తమిళంలో మిరియాన్ని మిళగు అంటరు, మిరపకాయను మిళగాయ్ అంటరు. కన్నడంలో మిరియం మెణసు, మిరపకాయ మెణసినకాయి. కొత్తగా వచ్చిన కాయకు అందరూ తమకు తెలిసిన పాత ఘాటు పేరే పెట్టుకున్నారు. వేమన పద్యాల్లో మిరపగింజ గురించి ఒకటి మనందరం బడిలో చదువుకున్నదే. పైన నల్లగా ఉండి కొరికితే లోపల చురుక్కుమనే గింజ అని ఆయన చెప్పింది ఇప్పటి మిరప గింజకు సరిపోదు. మిరప గింజ తెల్లగా, పసుపు పచ్చగా ఉంటది. ఆ నల్లని గింజ మిరియమే.

సముద్రం దాటి వచ్చిన కాయ

మిరపను మొదట పండించింది మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాల ప్రజలు. వేల ఏళ్ళ కిందనే వాళ్ళు అడవి మొక్క నుంచి దాన్ని ఇంటి మొక్కగా మార్చుకున్నారు. 1492లో కొలంబస్ మిరియాల కోసం, మసాలాల కోసం బయలుదేరి అమెరికా దీవులకు చేరిండు. అక్కడ మిరియాలు దొరకలేదు, మిరపకాయలు దొరికినయి. స్పెయిన్ వాళ్ళు కూడా వాటికి మిరియం పేరునే కొద్దిగా మార్చి పెట్టుకున్నారు.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1510లో పోర్చుగీసు వాళ్ళు గోవాను పట్టుకున్నారు. వాళ్ళ ఓడల్లోనే మిరప మన దేశానికి వచ్చింది. ఆ తర్వాత అది ఊరూరా పాకిన తీరు చూస్తే కారణం సులభంగా అర్థమవుతుంది. మిరియం తీగ వానలు బాగా పడే మలబారు కొండల్లోనే సరిగ్గా కాస్తది. దాన్ని కొనాలంటే డబ్బు కావాలె. మిరప అట్లా కాదు. గుప్పెడు గింజలుంటే ఎవరి ఇంటి వెనక వాళ్ళు పండించుకోవచ్చు. నల్లరేగడిలోనూ, ఎర్రచెలకలోనూ వస్తది. నాటినాక రెండున్నర నెలలకే పచ్చికాయ చేతికొస్తది. ఎండబెడితే ఏడాదంతా నిల్వ. కూర లేని పూట గొడ్డుకారం, ఉప్పు, ఉల్లిగడ్డతో అన్నమో రొట్టో తిని కడుపు నింపుకున్న ఇళ్ళు మన ఊర్లల్ల ఎన్నో. ఉన్నోళ్ళ మిరియానికి బదులు లేనోళ్ళ చేతికి వచ్చిన మసాలా ఇది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఓడల్లో వచ్చింది ఒక్క రకం కాయ కాదు. మిరపలో పొడుగు, పొట్టి, లావు, సన్నం, బాగా కారం, కొద్దిగా కారం, అసలు కారం లేనివి అన్నీ ఒకే జాతిలో ఉన్నాయి. ఏ ఊరి వాళ్ళు ఆ ఊరి నోటికి, ఆ ఊరి ఎండకు తగ్గట్టు విత్తనం ఏరి పెట్టుకుంటూ వచ్చారు. ఎర్రగా మిగలపండిన మంచి కాయ చూసి, విడిగా ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసిన పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే. కర్ణాటకలో బ్యాడిగి, కాశ్మీరులో కాశ్మీరీ మిర్చి, మన వరంగల్లులో చపాటా, గుంటూరులో సన్నం ఇట్లా వందల ఏళ్ళ ఏరికతోనే ఆ నేలకు అలవాటైన రకాలు. వీటిలో మొదటి మూడూ కారం తక్కువవే. మన దేశం అంటే మండే కారమే అని చెప్పుకునే మాట సగమే నిజం.

కారం మార్కెట్‌కు పోయింది

గుంటూరు పక్కన లాంలో 1922లో వ్యవసాయ పరిశోధన స్థానం మొదలైంది. అక్కడి శాస్త్రవేత్తలు గుంటూరు రకాల నుంచి మంచివి ఏరి జీ-1, జీ-2 అని వరుసగా పేర్లు పెట్టారు. జీ-4కు భాగ్యలక్ష్మి అని పేరు. తర్వాత వచ్చిన భాస్కర్, ప్రకాశ్, అపర్ణ లాంటి పేర్లు మన రైతులకు బాగా తెలుసు. ఈ పని వల్ల దిగుబడి పెరిగింది, రైతుకు ఆదాయం వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అయితే ఇవి చేనుకు, ఎండుమిర్చికి, ఎగుమతికి తయారైన రకాలు. వ్యాపారికి కావలసింది బాగా ఎండే కాయ, బరువు, ఎరుపు, ఘాటు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతే ధరల బోర్డు మీద తేజ, వండర్ హాట్, 341, దీపిక, సింగిల్ పట్టి, టమాట మిర్చి అని కనబడతాయి. ఒక రకం పేరులోనే హాట్ అని ఉంది. తేజ అయితే దేశదేశాలకు పోతది. ఆ ఘాటును పిండి నూనె తీసే ఫ్యాక్టరీలు దాన్ని కొంటాయి.

చేనులో ఏది వేస్తే ఇంట్లోకి అదే వచ్చింది. పెరటి విత్తనం మూట మెల్లగా మాయమైంది. ఇంటి కారానికి కూడా చేను కాయే పట్టించడం అలవాటైంది. చేను లేనోళ్ళు కిరాణ దుకాణంలో ప్యాకెట్ కొన్నారు. మన నాలుక ఆ ఘాటుకు అలవాటు పడ్డది. దాన్నే మనం మన రుచి అనుకుంటున్నాం.

ఏరే చేతులు, తినే నోళ్ళు

మిరప చరిత్ర రాసేటప్పుడు ఏరేటోళ్ళ మాట రాయకుండా ఉండలేం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన సంఘాల సభ్యుల్లో చాలామంది మిర్చి ఏరడానికే పోతారు. ములుగు, భూపాలపల్లి దిక్కు ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. పొద్దంతా ఏరితే చేతులు రాత్రిదాకా మండుతాయి. చంటిపిల్లను ఎత్తుకోవాలంటే భయం. నీళ్ళతో ఎంత కడిగినా మంట పోదు, ఎందుకంటే ఆ ఘాటు నీళ్ళలో కరగదు. నూనె రాసుకుని, సబ్బుతో కడిగితేనే కొంత తగ్గుతది. నోరు మండితే నీళ్ళ కన్నా పెరుగు, మజ్జిగ పనిచేసేది కూడా అందుకే.

మంచి కాయ బస్తాల్లో మార్కెట్‌కు పోతది. తెల్లబడిన, మచ్చపడిన తాలు కాయ వేరు చేస్తారు. ధర తక్కువ కాబట్టి చాలా ఇళ్ళల్ల అదే ఇంటి కారం అవుతుంది. సరిగ్గా ఎండని తాలుకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదం ఉంది. వేయించినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. తాలు కారం ఎర్రగా ఉండదు కాబట్టి రంగు కలిపి అమ్మేటోళ్ళు ఉన్నారు. సూడాన్ అనే బట్టల రంగును కారంలో కలిపారని 2003లో యూరప్‌లో బయటపడ్డది. 2005లో బ్రిటన్‌లో దుకాణాల నుంచి వందల రకాల తినుబండారాలను వెనక్కి తీసుకున్నారు. రంగు కోసం ఇంత మోసం జరుగుతుంటే, కారం తక్కువగా, రంగు నిండుగా ఉండే కాయ మన పక్క చేన్లలోనే ఉండటం ఆలోచించాల్సిన విషయం.

కారాన్ని కొలిచినోళ్ళు

మిరపలో మంట పుట్టించే పదార్థానికి 1876లో థ్రెష్ అనే ఇంగ్లాండు శాస్త్రవేత్త క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే మందుల శాస్త్రవేత్త కారాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో కలిపి, కొంతమంది నాలుక మీద వేసి, మంట తెలియకుండా పోయేదాకా ఇంకా ఇంకా నీళ్ళు కలుపుతూ పోవాలి. ఎన్ని రెట్లు కలిపితే మంట పోయిందో అదే దాని లెక్క. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నారు కానీ ఆయన పేరు మిగిలింది.

ఈ లెక్కలో కాప్సికం సున్నా. బ్యాడిగి సుమారు 8,000 నుంచి 15,000. గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000. తేజ 50,000 నుంచి లక్ష దాకా. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్ రికార్డు ఎక్కింది. అంటే తేజ ఒక్క కాయ వేసే చోట బ్యాడిగి ఐదారు కాయలు వేసినా కారం ఎక్కువ కాదు.

ఎరుపు ఇచ్చేది ఈ క్యాప్సైసిన్ కాదు. దాని రంగు పదార్థం వేరు. బాగా ఎర్రగా ఉన్న కాయ కారం ఉండాలని లేదు, పచ్చగా సన్నగా ఉన్నది చప్పగా ఉండాలని లేదు. ఇంకో తప్పు అభిప్రాయం, కారం గింజల్లో ఉంటదని. గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి ఈనెలోనే కారం పుడుతుంది. గింజలకు దాని నుంచి అంటుతుంది. పిల్లలకు వండేటప్పుడు ఆ ఈనె గీకి తీసేస్తే చాలా మంట తగ్గుతది.

తక్కువ కారం ఎందుకు కావాలి

హంగరీ దేశంలో సెగెడ్ అనే పట్నం ఉంది. అక్కడి వాళ్ళు మనలాగే మిరప లేకుండా వండరు, కానీ తియ్యటి మిరప ఎక్కువ తింటారు. ఆ పట్నంలో పనిచేసిన సెంట్ జార్జి అనే శాస్త్రవేత్తకు విటమిన్ సి పరిశోధన కోసం సరుకు దొరక్క ఇబ్బందిగా ఉండేది. ఒక రాత్రి భోజనంలో భార్య మిరపకాయ పెడితే, తినబుద్ధి కాక దాన్ని ప్రయోగశాలకు తీసుకుపోయి చూశానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అందులో విటమిన్ సి బోలెడంత ఉందని తేలింది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. భోజనం వండిన ఆమెకు ఏమీ రాలేదు, అది వేరే సంగతి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల పచ్చిమిర్చిలో 111 మిల్లీగ్రాములు, కాప్సికంలో 137 మిల్లీగ్రాముల విటమిన్ సి చూపించారు. కమలాపండులో 30 మాత్రమే. అయితే తేజ పచ్చికాయ 100 గ్రాములు ఎవరు తింటరు? ఒకటి కొరికితేనే కళ్ళ నీళ్ళు. కారం తక్కువ కాయ అయితే కూరలాగే తినవచ్చు. మిరప మసాలాగా ఉండాలా, కూరగాయగా ఉండాలా అన్నది రకాన్ని బట్టే ఉంటది.

ఇది మనకు ఎందుకు ముఖ్యమంటే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువ. తోటకూర, పాలకూర, మునగాకు తినమని మనకు ప్రతి శిక్షణలో చెబుతారు. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే అదే ముద్దలో విటమిన్ సి ఉండాలి. నిమ్మకాయ అందుకే పిండమంటారు. పచ్చి కాప్సికం ముక్కలు, తక్కువ కారం పచ్చికాయ కూడా అదే పని చేస్తాయి. ఎక్కువసేపు ఉడికిస్తే, ఎండబెడితే విటమిన్ సి తగ్గిపోతది. కాబట్టి పచ్చిగానో, దించే ముందు వేసో తినాలి.

ఇంకో మాట. ఇంట్లో కూర కారమైతే పిల్లలు కూర పక్కకు తోసి పెరుగన్నమే తింటారు. కూర వాళ్ళ కడుపులోకి పోదు. ఇంటిల్లిపాదికీ పెట్టి చివరికి తినే మన పళ్ళెంలో అడుగున ఉన్న చారు, కారం మెతుకులే మిగులుతాయి. కూర అందరూ తినేలా ఉండటం రుచి సంగతి మాత్రమే కాదు.

మన పెరటికి తగిన రకాలు

చపాటా: ఇది మన ఇంటిది. లావుగా, గుండ్రంగా టమాట లాగా ఉంటది కాబట్టి మార్కెట్లో టమాట మిర్చి అంటరు. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పండిస్తారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. పచ్చళ్ళకు, రంగు తీయడానికి పెట్టింది పేరు. పండు మిరపకాయ తొక్కు దీనితో చేస్తే రంగు నిలుస్తది, ముద్ద గొంతు దిగుతది. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి చేసిన ప్రయత్నంతో 2025లో వరంగల్ చపాటా మిరపకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రైతులు ఏటా తమ చేన్లోంచే విత్తనం ఏరి పెట్టుకోబట్టే ఇది బతికింది. హైబ్రిడ్ల కాలంలో ఒక దేశవాళీ రకం ఇన్నాళ్ళు నిలవడం మామూలు విషయం కాదు.

బ్యాడిగి: కర్ణాటకలోని హావేరి జిల్లాలో బ్యాడిగి అనే ఊరి పేరు దీనిది. 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎండితే ముడతలు ముడతలుగా, ముదురు ఎరుపులో ఉంటది. డబ్బి, కడ్డి అని రెండు తీర్లు. డబ్బి పొట్టిగా లావుగా, కడ్డి పొడుగ్గా సన్నగా ఉంటాయి. డబ్బిలో రంగు ఎక్కువ, కారం తక్కువ. కర్నూలు దిక్కు రైతులు కూడా పండించి బ్యాడిగి మార్కెట్‌కు తీసుకుపోతారు. ఇంటి కారం పొడికి చపాటా, బ్యాడిగి రెండూ పనికొస్తాయి. కారం బాగా కావాలనుకునే ఇంట్లో దీనికి కొద్దిగా తేజ కలుపుకుంటే సరి.

బజ్జీ మిరప: లేత ఆకుపచ్చగా, పొడుగ్గా, లావుగా ఉంటది. గుజరాత్ దిక్కు భావనగరి అంటరు. సంతలో బజ్జీల బండి దగ్గర అందరూ చూసిందే. హైదరాబాద్ బిర్యానీ పక్కన పెట్టే మిర్చీ కా సాలన్ కూడా ఇట్లాంటి పెద్ద కాయతోనే చేస్తారు. పల్లీలు, నువ్వులు, చింతపండు పులుసులో కాయను కూరలాగ తినే వంట అది. మిరపను కూరగాయగా తినడం మన దక్కనుకు కొత్త కాదని దాన్ని చూస్తే తెలుస్తది. మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టే చల్లమిరపకాయలకూ తక్కువ కారం కాయే బాగుంటది.

కాప్సికం: ఇంగ్లీషోళ్ళ కాలంలో వచ్చింది. చల్లటి సిమ్లా కొండల్లో పండించబట్టి సిమ్లా మిర్చి అన్నారు. మన దగ్గర బెంగళూరు మిరప అనేటోళ్ళూ ఉన్నారు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ అర్క మోహిని, అర్క గౌరవ్, అర్క బసంత్ అనే రకాలు ఇచ్చింది. ఇవి హైబ్రిడ్లు కావు కాబట్టి విత్తనం దాచుకోవచ్చు. దీనికి చల్లదనం కావాలి. మన ఎండకు పూత రాలుతది. వానలు తగ్గినాక నారు పోసి, చలికాలంలో కాయ తీసుకోవాలి. నాలుగు మొక్కల్లో ఇది ఒకటి ఉంటే చాలు.

పొడుగ్గా లేత రంగులో ఉండే ప్రతి కాయ బజ్జీ మిరప కాదు. పూసా జ్వాల కూడా లేతపచ్చగా పొడుగ్గానే ఉంటది, కారం మాత్రం గట్టిగా ఉంటది. కాబట్టి ఆకారం చూసి కాకుండా రకం పేరు అడిగి నారు తీసుకోవాలె.

విత్తనం నిలబెట్టుకునే పని

తక్కువ కారం రకాలు మన ఇళ్ళల్లోంచి పోవడానికి మార్కెట్ ఒక్కటే కారణం కాదు. మిరప పువ్వు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కానీ, తేనెటీగలు పక్క మొక్క పుప్పొడి కూడా తెస్తాయి. పెరట్లో చపాటా, కంచె అవతల చేన్ల తేజ ఉంటే రెండూ కలుస్తాయి. ఆ ఏడాది కాయ రుచి ఏమీ మారదు. కానీ ఆ కాయలోని గింజ నాటితే వచ్చే ఏడాది మొక్కల్లో కొన్ని కారంగా వస్తాయి. మిరపలో కారం గుణం పైచేయి గుణం. కారం లేని కాప్సికంతో కారం మిరప కలిస్తే పిల్ల మొక్క కారమే అవుతుంది. నాలుగైదేళ్ళు చూసుకోకుండా వదిలేస్తే ఇంటి రకం అని మనం అనుకునేది ఇంటి రకం కాకుండా పోతది.

దీనికి పెద్ద ఖర్చు లేదు. మంచి మొక్క ఒకటి ఎంచుకుని, పూత విచ్చుకోకముందే పాత దోమతెర ముక్కను సంచిలాగ కుట్టి ఒక కొమ్మకు తొడగాలి. అప్పటికే విచ్చిన పూలు, కట్టిన పిందెలు ముందు తుంచేయాలి. లోపలి పూలు తమంతట తామే కాయ కడతాయి. రోజూ పొద్దున కొమ్మను మెల్లగా కదిపితే ఇంకా మంచిది. కాయలు కట్టినాక తెర తీసి ఆ కొమ్మకు ఎర్రదారం కట్టాలి. ఆ కాయలు మిగలపండినాక కోసి, నీడలో ఎండబెట్టి, గింజలు తీసి, తేమ లేని సీసాలో పెట్టాలి. సీసా మీద రకం పేరు, ఏడాది రాయాలి. ఒకటి రెండేళ్ళకు మించి దాస్తే మొలక తగ్గుతది కాబట్టి ఏటా కొత్త విత్తనం తీయాలి. ప్యాకెట్ మీద ఎఫ్1 అనో, హైబ్రిడ్ అనో ఉంటే ఆ కాయల గింజ దాచి లాభం లేదు, మొక్కలు ఒకే తీరుగా రావు.

పెంచే పద్ధతి గురించి రెండు మాటలు. నారు పోసినాక ఐదారు వారాలకు నాటుకోవాలి. జాగ లేనోళ్ళు పాత పెయింట్ డబ్బాల్లో, సిమెంట్ సంచుల్లో పెట్టుకోవచ్చు, అడుగున చిల్లులు ఉండాలి. నీళ్ళు ఎండగడితే మొక్క బెదిరి కాయలో కారం పెరుగుతది, కాబట్టి కొద్దికొద్దిగా తప్పకుండా పోయాలి. ఆకులు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని గుర్తు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మన రెండు రాష్ట్రాల మిర్చి రైతులను ఎంత ముంచిందో అందరికీ తెలుసు. చేన్ల మీద మందు మీద మందు కొట్టినా ఆగలేదు. పెరట్లో నాలుగు మొక్కలే కాబట్టి నీలం రంగు జిగురు అట్టలు, వేపనూనెతో మొదట్లోనే పట్టుకోవచ్చు. పిల్లలు తెంపుకుని తినే మొక్క మీద చేను మందు కొట్టొద్దు.

సభ్యులకు మా మాట

చేనులో ఏ రకం వేయాలో అప్పు, ధర, వ్యాపారి చెబుతారు. అక్కడ మన మాట చెల్లడం కష్టం. పెరట్లో అట్లా కాదు. ఆ నాలుగు మొక్కలకు బేరగాడు లేడు, తూకం లేదు, ఇంట్లో ఎవరు తింటారో వాళ్ళకు తగ్గ రకం పెట్టుకోవచ్చు. ఒకప్పుడు మన నానమ్మల చేతిలో ఉన్న ఏరిక అది. అందుకే వచ్చే వానాకాలానికి గ్రామ సంఘాలు ఈ మూడు పనులు చేయాలని కోరుతున్నాం.

ఒకటి, ప్రతి ఊర్లో చపాటా విత్తనం ఎవరి దగ్గర ఉందో అడిగి పుస్తకంలో రాసుకోవాలి. పొదుపు రాసే పుస్తకంలోనే వెనక రెండు పేజీలు చాలు. రెండు, ఊరికి కనీసం ఇద్దరు సభ్యులు దోమతెర కట్టి విత్తనం తీయాలి. తీసిన విత్తనం అడిగినోళ్ళకు చెంచాడు ఇచ్చి, మరుసటి ఏడాది రెండు చెంచాలు తిరిగి తీసుకోవాలి. అప్పు, వడ్డీ లెక్క మనకు ఎవరూ నేర్పక్కరలేదు. మూడు, ఏ ఇంట్లో ఏ రకం పెట్టారు, పిల్లలు తిన్నారా లేదా, కారం ఎట్లా ఉందో నెలవారీ సమావేశంలో చెప్పుకోవాలి. వచ్చే ఏడాది నివేదికలో ఆ వివరాలు ఊరి వారీగా వేస్తాం.